పాత స్పిన్నింగ్ రీలు: ఏది కొనాలి, ఏది బాగుచేయించాలి, ఏది వదిలేయాలి

గాలం కర్రకు బిగించి లైన్ (గాలపు దారం) చుట్టుకునే పాత స్పిన్నింగ్ రీలు అమ్మకానికి ఉందని తెలిస్తే మనవాళ్ళు మొదట అడిగేది "ఏ కంపెనీ?" అని. ఆ తర్వాత "ఎంత చెప్తున్నారు?" అని. ఈ రెండూ అడగాల్సినవే. కానీ వాటికంటే ముందు అడగాల్సింది ఒకటుంది: ఇందులో పాడైన భాగాన్ని కర్నూలులోనే చేయించుకోగలమా, లేదా? బెయిల్ (లైన్‌ను చుట్టుకునే చోటికి మళ్ళించే తీగ) స్ప్రింగు విరిగిందా, పర్వాలేదు. లైన్ రాసుకుంటూ పోయే చిన్న చక్రం, అంటే లైన్ రోలర్‌కు గాడి పడిందా, దానికీ మార్గముంది. చేప గట్టిగా లాగినప్పుడు లైన్ తెగకుండా కొద్దికొద్దిగా వదిలే డ్రాగ్ వాషర్లు ఎండి అట్టలైపోయినా కంగారు అక్కర్లేదు. వీటన్నిటికీ మన ఊళ్ళో పనివాళ్ళున్నారు. గేరు పళ్ళు అరిగితే మాత్రం ఎంత పేరున్న రీలయినా అద్దాల బీరువాలో పెట్టుకోవడానికే. నేను రీలు కొనేది, వదిలేది ఈ లెక్కతోనే.

ఒక మాట ముందే చెప్పాలి. ఇక్కడ నేను మాట్లాడేది చేపలు పట్టడానికి వాడే రీళ్ళ గురించి. సేకరించి దాచుకునేవాళ్ళ లెక్కలు వేరు. వాళ్ళకు అసలు రంగు, అసలు పెట్టె ముఖ్యం. మీ దగ్గరున్న రీలు అలాంటిదని అనుమానముంటే మళ్ళీ రంగు వేయించొద్దు, పాలిష్ పట్టించొద్దు. లోపల శుభ్రం చేసి పైభాగం అలాగే ఉంచండి.

ఎక్కడ బతికిన రీలు?

కంపెనీ పేరు చూసే ముందు ఆ రీలు ఏ నీళ్ళలో తిరిగిందో కనుక్కోండి. కడప, రాజంపేట, రాయచోటి వైపు కువైట్ నుంచి వచ్చినవాళ్ళ సామాన్లలో రీళ్ళు కూడా దిగడం మామూలే. అక్కడ సెలవు రోజున సముద్రం ఒడ్డున వాడినవి అవి. చెన్నై నుంచి, గోవా నుంచి పార్సిల్లో వచ్చేవీ అలాంటివే. పైకి తళతళలాడతాయి, ఉప్పు మాత్రం లోపల పని చేస్తూనే ఉంటుంది. దాన్ని పట్టుకోవడానికి సులువైన చోటు స్పూల్ (లైన్ చుట్టుకునే కండె) అడుగు. పాత లైన్ మొత్తం విప్పేసి, స్పూల్ మొదట్లో తెల్ల పొడి, చిన్న చిన్న గుంటలు ఉన్నాయేమో చూడండి. లైన్ కింద ఉప్పునీరు ఎన్నాళ్ళయినా ఇరుక్కుని ఉంటుంది, పైన తుడిచినంత మాత్రాన పోదు. అమ్మేవాడు లైన్ విప్పనివ్వకపోతే నేను ఆ బేరం అక్కడే వదిలేస్తాను.

ఇక మన నీళ్ళలోనే బతికిన రీలు, అంటే సుంకేసులలోనో గాజులదిన్నెలోనో అనంతపురం వైపు పీఏబీఆర్ (పెన్నా అహోబిలం) జలాశయంలోనో తిరిగింది, తుప్పు విషయంలో చాలా మేలు. గాలిలో తేమ తక్కువ, నీళ్ళలో ఉప్పు లేదు. దాని శత్రువు దుమ్ము. తుంగభద్ర ఒడ్డున ఇసుకలో పెట్టిన రీలు, బైక్ హ్యాండిల్‌కు సంచిలో వేలాడుతూ ఊళ్ళు తిరిగిన రీలు, వీటి గ్రీజులో సన్న ఇసుక చేరి ఉంటుంది. అలాంటి గ్రీజు గేర్లను కాపాడదు, అరగదీస్తుంది. అందుకే అమ్మేవాడు "మొన్ననే గ్రీజు పెట్టించా" అంటే సంతోషపడకండి. పాతది కడక్కుండా దాని మీదే కొత్తది పెట్టి ఉంటే ఇసుక ఇంకా లోపలే ఉంటుంది.

చేతికిచ్చాక చూడాల్సినవి

రీలు చేతికి రాగానే జోరుగా తిప్పి "భలే తిరుగుతోందే" అనడం అందరికీ అలవాటు. జోరుగా తిప్పితే లోపాలన్నీ దాక్కుంటాయి. హ్యాండిల్ ఒక చుట్టు తిరగడానికి ఐదారు సెకన్లు పట్టేలా నిదానంగా తిప్పండి. రీలు ఒంటిని చెవి వెనక ఎముకకు ఆనించి వినండి. వేలికి తెలియని గరగర అక్కడ తెలుస్తుంది.

అడ్డు ఎన్నిసార్లు తగులుతోందో లెక్కపెట్టడమే ఇక్కడ అసలు కిటుకు. హ్యాండిల్ ఒక పూర్తి చుట్టుకు ఒకేసారి "టిక్" అంటే అనుమానం పెద్ద గేరు మీద. ఏదో ఒక పన్ను విరిగి ఉండొచ్చు, లేదా పళ్ళ మధ్య ఇసుక రేణువు ఇరుక్కుని ఉండొచ్చు. రోటర్ (స్పూల్ చుట్టూ తిరిగే గిన్నెలాంటి భాగం) తిరిగిన ప్రతిసారీ, అంటే హ్యాండిల్ చుట్టుకు మూడు నాలుగు సార్లు తగిలితే అది పినియన్ (రోటర్‌ను తిప్పే చిన్న గేరు), బేరింగ్, లేదా రోటర్ ఎక్కడో రాసుకోవడం. స్పూల్ పైకి వచ్చి ఆగే చోట, కిందికి దిగి ఆగే చోట మాత్రమే తగిలితే స్పూల్‌ను పైకీ కిందికీ ఆడించే భాగంలో తేడా ఉంది. ఎక్కడా టిక్ లేకుండా మొదటి నుంచి చివరి దాకా ఒకే బరువుగా ఉందంటే అది మంచి వార్త: గ్రీజు ఎండి మైనంలా గట్టిపడింది, అంతే. ఇలాంటి రీళ్ళనే "జామ్ అయింది" అని చవగ్గా అమ్మేస్తుంటారు. వెతుక్కోవాల్సింది వీటినే.

శబ్దం ఎక్కడిదో తేలకపోతే స్పూల్ తీసేసి మళ్ళీ తిప్పండి. శబ్దం ఆగిపోతే గేర్లు బాగున్నట్టే. స్పూల్ రోటర్‌కు రాసుకుంటోంది, లేదా పాత లైన్ ముక్క షాఫ్ట్‌కు చుట్టుకుని ఉంది.

హ్యాండిల్ ముందుకూ వెనక్కూ కొంచెం ఆడుతోందని పాత రీలును తిరస్కరించేవాళ్ళున్నారు. అది తొందరపాటు. ఇప్పటి రీళ్ళలో వెనక్కి తిరగకుండా ఆపేది ఒకవైపే తిరిగే బేరింగ్, అందుకే హ్యాండిల్ అస్సలు ఆడదు. పాత వాటిలో ఆ పని పళ్ళ చక్రం, దానికి తగిలే చిన్న కొక్కెం చేస్తాయి. ఆ పళ్ళ మధ్య దూరం మేరకు హ్యాండిల్ వెనక్కి వస్తుంది. తేడా కనిపెట్టడానికి హ్యాండిల్ ఆడిస్తూ రోటర్ వైపు చూడండి. హ్యాండిల్‌తో పాటు రోటర్ కూడా కదిలితే అది పుట్టుకతో ఉన్న ఆట. హ్యాండిల్ కదులుతున్నా రోటర్ కదలకుండా నిలబడి ఉంటే, హ్యాండిల్ స్క్రూ బిగించి మళ్ళీ చూడండి. అప్పటికీ అంతే అయితే గేరు పళ్ళు అరిగాయి. ఇక ఆ రీలు గురించి ఆలోచించనక్కర్లేదు.

మిగతావి త్వరగా అయిపోతాయి. చిటికెడు దూది లైన్ రోలర్ మీద, స్పూల్ అంచు మీద లాగండి (ఆదోని పక్కన ఉంటూ దూదికి వెతుక్కోనక్కర్లేదు). ఎక్కడ పోగు చిక్కుకుంటే అక్కడ లైన్ తెగుతుంది. కర్రకు బిగించే పాదం దగ్గర పగులుందేమో గోటితో గీసి చూడండి. స్క్రూల తలలు నలిగి ఉంటే ఇంతకుముందు ఎవరో విప్పి, సరిగ్గా బిగించలేక వదిలేశారని అర్థం. లోపల ఏదో ఒక వాషర్ తక్కువ ఉంటుందనుకునే ధర మాట్లాడండి.

మిచెల్, పెన్, కార్డినల్

స్పూల్ కదలకుండా ఉండి దాని చుట్టూ లైన్ చుట్టుకునే ఈ పద్ధతికి 1905లో ఇంగ్లండ్‌లో పేటెంట్ తీసుకున్నది ఇల్లింగ్‌వర్త్ అనే ఉన్ని మిల్లు యజమాని. మిల్లులో కండెల నుంచి నూలు జారిపోవడం చూసేవాడికి ఈ ఆలోచన రావడంలో ఆశ్చర్యం లేదు. ఆ తర్వాత వచ్చిన వందల రకాల్లో మనకు ఎదురయ్యే పాత పేర్లు ముఖ్యంగా మూడు.

మిచెల్ 300 ఫ్రాన్స్‌ది. ఆల్ప్స్ కొండల్లో క్లూజ్ అనే ఊళ్ళో కార్పానో ఎ పోన్స్ కంపెనీ తయారు చేసింది. అది గడియారాల విడిభాగాలకు పేరున్న లోయ. రీలు విప్పితే ఆ సంగతి తెలుస్తుంది: చిన్న చిన్న చక్రాలు, కచ్చితమైన కొలతలు. గుడ్డు ఆకారంలో నల్లగా ఉంటుంది, బటన్ నొక్కితే స్పూల్ ఊడి వస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత దశాబ్దాల పాటు లెక్కలేనన్ని అమ్ముడుపోయింది కాబట్టి ఈనాటికీ విడిభాగాలు, విరిగిన రీళ్ళు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. 1960ల నుంచి వచ్చిన వాటిలో ప్లానమాటిక్ అనే గేర్ల ఏర్పాటు ఉంటుంది. స్పూల్ ఆడే తీరును మార్చి లైన్‌ను మెరుగ్గా పరిచేందుకు పెట్టింది అది. దానివల్ల లోపల చక్రాలు ఎక్కువ. విప్పేటప్పుడు ప్రతి దశకూ ఫోన్‌లో ఫోటో తీసుకోకపోతే తిరిగి బిగించేటప్పుడు దిక్కుతోచదు.

మిచెల్‌తో మనవాళ్ళకు వచ్చే ఇబ్బంది ఇంకొకటి. 300లో హ్యాండిల్ ఎడమవైపే, మార్చడానికి లేదు. కుడిచేత్తో తిప్పడం అలవాటైనవాళ్ళు కొన్నాక తిట్టుకుంటారు. కుడివైపు హ్యాండిల్ కావాలంటే 301 వెతకాలి, అది అంత తేలిగ్గా దొరకదు. చిన్న చేపలకు, సన్నటి లైన్‌కు 308 ఉంది. చేతికి ముద్దుగా ఉంటుంది కానీ బొచ్చె మీదికి దాన్ని తీసుకెళ్ళడం అన్యాయం.

పెన్ అమెరికాది. 1932లో ఫిలడెల్ఫియాలో మొదలైన కంపెనీ. వాళ్ళ స్పిన్‌ఫిషర్ 700 వరుస 1960ల నుంచి ఉంది. తొలినాటివి ఆకుపచ్చ రంగులో, తర్వాతి జెడ్ రకాలు నలుపు, బంగారు రంగుల్లో ఉంటాయి. 710, 704 పెద్దవి, 716 చిన్నది. లోపల వార్మ్ గేరు. అంటే మరలాంటి స్టీలు గేరు మీద పెద్ద గేరు జారుతూ తిరుగుతుంది. భాగాలు తక్కువ, అన్నీ లావుగా ఉంటాయి. మొదటిసారి రీలు విప్పేవాడికి ఇదే తేలిక. వయసు మీద పడ్డాక వీటిలో ముందుగా పోయేది బెయిల్ స్ప్రింగు. ఆ ఒక్కటీ తప్ప మిగతాది మొండి ఘటం. బరువు మాత్రం మిచెల్ కంటే ఎక్కువ. పొద్దున్నుంచి సాయంత్రం దాకా విసురుతూ తిరిగేవాడికి భుజం లాగుతుంది. గట్టు మీద కర్ర నిలబెట్టి కూర్చునేవాడికి బరువుతో పనేముంది?

కార్డినల్ స్వీడన్‌లోని స్వాంగ్‌స్టాలో ఆబూ కంపెనీ చేసింది. 3, 4 చిన్నవి, 6, 7 పెద్దవి. ఇదీ వార్మ్ గేరే, తిప్పుతుంటే ఆ మెత్తదనమే వేరు. డ్రాగ్ వెనకవైపు ఉంటుంది, చేప లాగుతుండగానే చేయి అందుతుంది. మూడింటిలో నాకు చేతికి నచ్చేది ఇదే, కానీ మన ప్రాంతంలో ఎవరికీ దీన్ని సలహా ఇవ్వను. సేకరించేవాళ్ళు వెంటపడటంతో ధర పెరిగిపోయింది, విడిభాగాల ధర కూడా దానితో పాటే. ఇంట్లో తాతగారిది ఉంటే అదృష్టం, బాగుచేసి వాడుకోండి. డబ్బు పెట్టి కొనాలంటే ఆ డబ్బుకు పెన్ వచ్చి, లైన్‌కు కూడా మిగులుతుంది.

ఇవి కాక జర్మనీ డామ్ క్విక్ రీళ్ళు ఎప్పుడైనా తగులుతాయి. గట్టి సరుకు, గేర్లు బాగుంటే సంకోచించకండి. పేరు లేని లేదా అరిగిపోయిన స్టిక్కరుతో వచ్చే చవక రీళ్ళలో గేర్లు చాలాసార్లు జింకు పోత. సైడ్ ప్లేట్ విప్పగానే గేరు మీద బూడిదలాంటి తెల్ల పొడి కనిపిస్తే మళ్ళీ మూసేయండి. దాన్ని బాగుచేయడం లేదు.

మన చేపలకు ఏది?

మైలవరం, గాజులదిన్నె లాంటి చోట్ల పిండి ముద్దతో బొచ్చె, శీలవతి కోసం కూర్చునేవాళ్ళకు నా ఓటు పెన్ 710కే. తవుడు, చెనిక్కాయ చెక్క కలిపిన ముద్ద బరువుగా ఉంటుంది. దాన్ని విసిరేటప్పుడు, తర్వాత పెద్ద బొచ్చె ఒక్కసారి లాగినప్పుడు రీలు ఒళ్ళు గట్టిగా ఉండాలి. వార్మ్ గేరు రీలు వేగంగా చుట్టదు. ఈ రకం వేటలో వేగం అవసరం లేదు కూడా.

శ్రీశైలం వెనక జలాల్లో వాలుగ కోసం చేప పిల్ల ఎర కట్టేవాళ్ళకూ ఇదే మాట. అడవి హద్దుల్లో ఎక్కడ వేటకు అనుమతి ఉందో, ఏ చెరువు ఏ సొసైటీ లీజులో ఉందో కనుక్కున్నాకే గాలం తీయండి.

కొర్రమీనుకు మాత్రం పాత రీలే వద్దంటాను. కప్ప బొమ్మను నీటి పైన వేగంగా లాగాలి. కలుపులోంచి చేపను బలవంతంగా ఈడ్చాలి కాబట్టి అందరూ అల్లిన లైన్ వాడుతున్నారు. పాత రీళ్ళు నైలాన్ కాలానివి. వాటి రోలర్ మెత్తని లోహమైతే అల్లిన లైన్ కోసేస్తుంది, గాడి పడుతుంది. పైగా మిచెల్ 300, కార్డినల్ 4 లాంటి వాటిలో స్పూల్ రోటర్ గిన్నె లోపల కూర్చుంటుంది. లైన్ కాస్త వదులైతే స్పూల్ వెనక్కి జారి షాఫ్ట్‌కు చుట్టుకుంటుంది. చేప గాలానికి తగిలి ఉన్నప్పుడు అలా జరిగితే ఇక ఆ టెన్షన్ చెప్పనలవి కాదు. కొర్రమీనుకు కొత్త రీలు కొనుక్కోండి.

జిలేబీలకు, పిల్లలకు నేర్పించడానికి మిచెల్ 308 గానీ పెన్ 716 గానీ ముచ్చటైన ఎంపిక. రెండూ దొరికితే పిల్లల చేతికి 716 ఇవ్వండి. కింద పడేసినా తట్టుకుంటుంది.

ఏ జబ్బుకు ఎవరి దగ్గరికి?

బెయిల్ స్ప్రింగుకు నేను వెళ్ళేది పాతబజారులో తాళాలు, గడియారాలు బాగుచేసేవాళ్ళ దగ్గరికి. అదే మందం స్ప్రింగు తీగ ఉంటే వంచి ఇస్తారు. ఒక్కటి గట్టిగా చెప్పండి: తీగను మంట మీద పెట్టొద్దని. వేడి తగిలితే వంచడం తేలికే, కానీ స్ప్రింగు గుణం పోతుంది. నాలుగు విసుర్లకే బెయిల్ వాలిపోతుంది. ఒకటి చేయించేటప్పుడే ఇంకొకటి చేయించి పెట్టుకోండి.

లైన్ రోలర్ లేత్ పని. ఇక్కడ చాలామంది చేసే పని, అరిగిన రోలర్ పారేసి వట్టి చేతులతో వెళ్ళడం. నాకు పని చేసిపెట్టే లేత్ ఆయన మాట ఒకటే: "ముక్క ఇరిగినా పర్లేదు, తీసుకరాన్నా. నమూనా లేకుంటే నేను ఏ కొలతకు తిప్పేది?" ఇత్తడితో చేస్తే తొందరగా అవుతుంది, నైలాన్ లైన్‌కు సరిపోతుంది. స్టెయిన్‌లెస్ స్టీలుతో చేయిస్తే కూలి ఎక్కువైనా ఎక్కువ కాలం నిలుస్తుంది. ఏదైనా చివర సన్న ఎమరీ కాగితంతో నునుపు చేయించి, దూది పరీక్ష అక్కడే పెట్టండి.

డ్రాగ్ వాషర్లు ఇంట్లోనే అవుతాయి. పాత వాటిలో తోలు, ఫెల్ట్, ఫైబర్ బిళ్ళలు, వాటి మధ్య లోహపు బిళ్ళలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. ఏది దేని మీద ఉందో వరుస తప్పకుండా తీగకు గుచ్చి పెట్టుకోండి. తోలు బిళ్ళలు చెప్పులు కుట్టే ఆయన ఒకే మందం తోలు నుంచి కోసిస్తాడు. తోలుకు, ఫెల్ట్‌కు పల్చటి నూనె పట్టించి, మిగిలింది పిండేసి పెట్టాలి. విదేశాల నుంచి కార్బన్ ఫైబర్ వాషర్లు తెప్పించుకోగలిగితే అవే మేలు, ఎండకు గట్టిపడవు.

డ్రాగ్ కుదిరిందో లేదో చూడటానికి తూనికలేమీ అక్కర్లేదు. 12 పౌండ్ల లైన్ అంటే సుమారు 5.4 కిలోలు మోస్తుంది. డ్రాగ్ అందులో నాలుగో వంతు నుంచి మూడో వంతు మధ్య జారాలి, అంటే దాదాపు ఒకటిన్నర కిలో దగ్గర. లీటరున్నర నీళ్ళ సీసా నిండుగా నింపి లైన్‌కు కట్టి, రీలును చేత్తో పైకెత్తండి. సీసా నిదానంగా, ఒకే వేగంతో కిందికి దిగితే సరే. ఆగి ఆగి, కుదుపులతో దిగితే వాషర్ల మధ్య జిడ్డో తుప్పో ఉంది. పెద్ద చేపల లైన్లు తెగేది ఎక్కువగా ఆ కుదుపు దగ్గరే. వేట అయ్యాక డ్రాగ్ వదులు చేసి పెట్టండి, వాషర్లు అణగకుండా ఉంటాయి.

వెనక్కి తిరగకుండా ఆపేది అప్పుడప్పుడూ పట్టు తప్పితే వెంటనే విడిభాగం కోసం వెతకొద్దు. చాలాసార్లు కారణం ఎక్కువ గ్రీజే. చిన్న కొక్కెం మీద చిక్కటి గ్రీజు పడితే దాని సన్న స్ప్రింగు దాన్ని కదపలేదు. కడిగి, ఒక్క చుక్క పల్చటి నూనె వేసి చూడండి.

లైన్ స్పూల్ మీద ఒకవైపే కుప్పపడుతుంటే స్పూల్ కింద పల్చటి వాషర్ తీయడమో చేర్చడమో చేస్తే సరిపోతుంది.

కడగడం, నూనె, గ్రీజు

గేర్లు కడగడానికి కిరోసిన్ దొరికితే మంచిది, లేకపోతే డీజిల్. పాత టూత్ బ్రష్‌తో పళ్ళ సందులన్నీ రుద్దాలి. పెట్రోల్ తొందరగా పని చేస్తుంది కానీ రంగును, ప్లాస్టిక్‌ను తినేస్తుంది, మంట భయం వేరే. రీలు ఒంటికి, స్పూల్‌కు గోరువెచ్చని నీళ్ళు, గిన్నెలు తోమే లిక్విడ్ చాలు. ఇత్తడి గేరు నల్లబడిందని చింతపండుతోనో ఇత్తడి సామాన్లు తోమే పొడితోనో రుద్దేవాళ్ళున్నారు. పొడిలోని గరుకు పళ్ళ మధ్య మిగిలిపోతుంది, పులుపు సరిగ్గా కడగకపోతే లోహాన్ని తింటుంది. గేరు నల్లగా ఉంటే వచ్చే నష్టమేమీ లేదు, వదిలేయండి.

గేర్లకు బైక్ షాపుల్లో దొరికే మామూలు లిథియం గ్రీజు, 2వ నంబరు చిక్కదనం చాలు. చక్రాల బేరింగులకు వాడే 3వ నంబరు పెడితే చలికాలం పొద్దున రీలు బరువెక్కుతుంది. పల్చగా పూయాలి, డబ్బా నింపినట్టు కాదు. వార్మ్ గేరు రీళ్ళలో మాత్రం కాస్త ఉదారంగా పెట్టండి. అక్కడ పన్ను మీద పన్ను జారుతూ తిరుగుతుంది, పొడిబారితే అరుగుదల వేగంగా ఉంటుంది. రోలర్, బెయిల్ కీళ్ళు, హ్యాండిల్ గుబ్బ, బేరింగ్, వీటికి కుట్టుమిషన్ నూనె. వంటింటి నూనెలు వద్దు: చెనిక్కాయ నూనె కొన్నాళ్ళకు జిగురుగా మారుతుంది, కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. స్ప్రే డబ్బాలో వచ్చే డబ్ల్యూడీ 40 లాంటివి బిగిసిన స్క్రూ వదులు చేయడానికి బాగుంటాయి. గ్రీజు బదులు అదే కొట్టి వదిలేస్తే ఉన్న గ్రీజు కూడా కరిగి కారిపోతుంది.

స్క్రూ రాకపోతే బలం చూపించొద్దు. కొన్ని నట్లు, కొన్ని హ్యాండిళ్ళు తిరగబడిన మరతో ఉంటాయి, అంటే కుడివైపు తిప్పితే ఊడతాయి. రెండు వైపులా కొద్దికొద్దిగా ప్రయత్నించి, కదలకపోతే నూనె వేసి రాత్రంతా వదిలేయండి. స్క్రూ తలకు సరిగ్గా సరిపోయే డ్రైవర్ లేకపోతే కొనుక్కున్నాకే మొదలుపెట్టండి.

బాగుచేయించాలా, కొత్తది కొనాలా?

మూడు నాలుగు వేల రూపాయల్లో మోస్తరు కొత్త రీలు వస్తోంది, గ్యారంటీతో, ఎటువైపు కావాలంటే అటు మార్చుకునే హ్యాండిల్‌తో. పాత రీలు ధర, విదేశం నుంచి తెప్పించే విడిభాగం, పార్సిల్, కస్టమ్స్ అన్నీ కలిపి దాన్ని దాటుతుంటే, వాడకం దృష్టితో చూసేవాళ్ళు కొత్తదే కొనడం మంచిది. ఇందులో మొహమాటం ఏమీ లేదు. ఖర్చంతా లేత్ కూలి, తోలు ముక్క, గ్రీజు డబ్బాతో తేలిపోతుంటే మాత్రం పాతదే ముద్దు. చవక కొత్త రీలు గేరు పోతే పారేయాల్సిందే. పెన్ అయితే ఎన్నిసార్లు విప్పినా విప్పించుకుంటుంది.

ఇంట్లో పెద్దవాళ్ళ రీలు అయితే ఈ లెక్కలేవీ పనిచేయవని నాకూ తెలుసు. దాన్ని తిరిగేలా చేయండి, ఏడాదికి రెండుసార్లు తేలిక వేటకు తీసుకెళ్ళండి. రోజువారీ వేటకు మాత్రం వేరే రీలు పెట్టుకోండి.

ఇక గేరు పోయిన మిచెల్ మీ దగ్గరుంటే ఇంకో దారి ఉంది. బెయిల్ విరిగో, హ్యాండిల్ లేకో చవగ్గా అమ్ముతున్న ఇంకో మిచెల్ 300 వెతకండి. రెండిట్లోంచి ఒక మంచి రీలు తయారవుతుంది. విడి గేరు తెప్పించడం కంటే చాలాసార్లు ఇదే చవక. కాకపోతే 300 అని రాసి ఉన్నవన్నీ లోపల ఒకటి కావు. ప్లానమాటిక్ రాకముందు చేసిన వాటి భాగాలు తర్వాతి వాటిలో అన్నీ పట్టవు. డబ్బు పంపే ముందు అమ్మేవాడిని సైడ్ ప్లేట్ విప్పి ఫోటో పంపమనండి. మీ రీలు కూడా విప్పి పక్కన పెట్టుకుని, చక్రాలు ఒకే రకమో కాదో ఒక్కొక్కటే పోల్చి చూసుకున్నాకే ఆర్డరు పెట్టండి.